జానెడు చోటు

మా వీధిలో నీడ లేదేమని ఎవరైనా అడిగితే మా దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: హుద్‌హుద్ తుఫాను. విశాఖలో ఆ పేరు చెప్పాక ఎదుటివాళ్లు ఇంకో ప్రశ్న వెయ్యరు. 2014 అక్టోబరు 12, ఆదివారం. గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి. కైలాసగిరి, కంబాలకొండ ఒక్క పూటలో మంటపెట్టినట్టు మాడిపోయాయి. అదంతా నిజమే. ఆ నిజం వెనకాల పదేళ్లకు పైగా మేం దాక్కుంటున్నాం.

నా సంగతే ముందు చెబుతాను. మా గేటు పక్కన ఒక కానుగ ఉండేది. మేం ఇల్లు కట్టకముందు నుంచీ ఉన్నదే. తుఫానుకి మూడేళ్ల ముందు కారు కొన్నాను, ర్యాంపు కావాల్సొచ్చింది. మేస్త్రీ సిమెంటు కలుపుతూ, "చెట్టు చుట్టూ ఎంత ఒగ్గీమంటారు బాబూ?" అని అడిగాడు. "జానెడు చాలు" అన్నాను. అతను ఒకసారి చెట్టు వైపు, ఒకసారి నా వైపు చూసి సరిగ్గా జానెడే వదిలాడు. పని బాగుందని వీధిలో మిగతావాళ్లూ అతన్నే పిలిపించుకున్నారు. కొందరు ఆ జానెడు కూడా వదల్లేదు. మొదలుదాకా టైల్స్ పరిపించి, చెత్త చేరదని సంతోషించారు. తర్వాత కాలువ పనికని ఒక పక్క వేళ్లు నరికారు, కేబుల్ కోసమని రెండో పక్కవి నరికారు. తవ్విన మట్టి ఎవరి గేటు ముందు పోస్తారన్నదే అప్పుడు మా బెంగ.

ఆ ఆదివారం గాలి కాసేపు ఆగి, మళ్లీ ఇంకో దిక్కు నుంచి అందుకుంది. మా కానుగ ఆ రెండో విడతలో పోయింది. బయటికొచ్చి చూస్తే వేళ్లతో సహా పైకి లేచి పడుంది. మొదలు చుట్టూ నేను పోయించిన సిమెంటు మెడకి పట్టెడలా అలాగే అంటుకుని ఉంది. కింద వేళ్లు బారెడు కూడా లేవు. పోయే దారి లేక ఒకదాన్నొకటి చుట్టుకుని తాడు పేనినట్టున్నాయి. నాలుగడుగుల అవతల, ఎవరూ పట్టించుకోని ఖాళీ స్థలంలో వేప మాత్రం కొమ్మలు పోగొట్టుకుని నిలబడే ఉంది. రెండింటినీ పక్కపక్కన చూసినవాణ్ని. తప్పంతా గాలిదని అనే హక్కు నాకు లేదు. అయినా అంటూనే వచ్చాను. తుఫానుకి ఏడాది ముందే, 2013లో, ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసెయ్యమని జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించిందట. మీటరంటే నా జానెడుకి నాలుగింతల పైమాటే.

తుఫాను తర్వాత కరెంటు లేని ఆ రోజుల్లో చెట్ల గురించి మేం మాట్లాడినన్ని మాటలు అంతకుముందెన్నడూ మాట్లాడలేదు. మొక్కలు వచ్చాయి. ఇనప ట్రీగార్డుల మీద దాతల పేర్లు ఎర్ర అక్షరాలతో రాయించాం. మొక్క పేరు ఒక్కదాని మీదా లేదు. వేసవి వచ్చేసరికి మోటారు ఎవరిది, బిల్లు ఎవరిదన్న దగ్గర మాట ఆగిపోయింది. మే నెలాఖరుకి చాలావాటిలో పుల్లలే మిగిలాయి. ఆ ట్రీగార్డుల్లో ఒకటి ఇప్పుడు ఒక డాబా మీద బీరతీగకి పందిరి. ఎవరి డాబానో నాకు తెలుసు, నా ర్యాంపు సంగతి ఆయనకి తెలుసు. అందుకని ఇద్దరం నోరెత్తం.

మా నిర్లక్ష్యాన్ని తట్టుకుని బతికినవి ఏడాకుల పాల చెట్లు. త్వరగా ఎదుగుతాయని తుఫాను తర్వాత ఊళ్లో విరివిగా నాటారు. కార్తీకంలో అవి పూస్తాయి. ఒకటో రెండో ఉంటే అది పరిమళం, వీధి పొడవునా ఉంటే రాత్రికి తల పట్టేస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్ల బాధని నేను తీసిపారెయ్యను. కానీ ఈ చెట్టు ఏమిటని అడిగినవాళ్లం కాదు. పూర్వం బడిపిల్లల పలకలు దీని చెక్కతో చేసేవారనీ, శాంతినికేతన్‌లో పట్టాతో పాటు దీని ఆకు ఇచ్చే ఆనవాయితీ ఉండేదనీ నాకు అర్జీ రాశాక తెలిసింది. అవును, అర్జీ రాసింది నేనే. వీధిలో ఇంటికొకటి చొప్పున సంతకాలు పడ్డాయి. కొట్టెయ్యమన్నాం. వాటి బదులు ఏం నాటాలన్న వాక్యం అందులో లేదు.

2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. అది వచ్చేలోగానే రెండు చెట్లు నిలువునా ఎండాయి. ఒకనాడు పొద్దున్నే పాలకి వెళుతూ వంగి చూశాను. మొదలు దగ్గర బొటనవేలు పట్టేంత రంధ్రాలు, అంచుల్లో బెరడు నల్లబడి ఉంది. వాసన చూస్తే ఇంగువ. చెట్టుకి ఇంగువ పెడితే చస్తుందని మా అమ్మమ్మ అనేది. ఆ నలుపు చూస్తే యాసిడ్ కూడా పోసినట్టే ఉంది. ఆ రోజు వీధిలో ఎవర్నీ ఏమీ అడగలేదు. పాలప్యాకెట్లు తెచ్చుకున్నాను.

ఈ వానలకి మళ్లీ మొక్కలు పంచారు. మా వంతుకి కానుగే వచ్చింది. ఎదురింటి పిన్నిగారు వీధిలోకి కూడా రాకుండా గుమ్మంలోంచే, "ఏటి బాబూ, నీ గేటు కాడే ఏసుకో. ఆకులన్నీ మా గుమ్మంలోకే ఒచ్చెస్తాయి" అన్నారు. ర్యాంపు పగలగొట్టకుండా వేసే వీలు లేదు. మేస్త్రీకి ఫోన్ చెయ్యాలి అనుకుంటూనే నాలుగు వారాలు గడిపాను. మొక్క నల్ల కవరులోనే గోడవార ఉంది. నిన్న చూస్తే కవరు అడుగు చీల్చుకుని వేరొకటి బయటికొచ్చి సిమెంటు మీద పాకుతోంది. ఆఫీసుకి టైమవుతోంది. మొక్కని పక్కకి జరిపి కారు తీశాను.