ఆర్థిక నియమాల రూపకల్పనలో రుణగ్రహీతలకు స్థానం కోరుతూ తీర్మానం

రెండు తెలుగు రాష్ట్రాల వినియోగదారుల సంఘాలు, మహిళా స్వయం సహాయక సంఘాల సమాఖ్యల ప్రతినిధుల ఉమ్మడి సమావేశం ఏకగ్రీవంగా ఆమోదించినది.

1. సమావేశం స్మరించినది: 2010లో సూక్ష్మ రుణాల వారపు కిస్తీల ఒత్తిడి తాళలేక నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ప్రాణాలు తీసుకున్న రుణగ్రహీతలను. ఆ మరణాలపై రేగిన ఆందోళన నడుమ ఆ అక్టోబరులో సూక్ష్మ రుణ సంస్థల నియంత్రణ ఆర్డినెన్సు వచ్చి, తర్వాత చట్టమైంది. రిజర్వు బ్యాంకు వై.హెచ్. మాలేగాం అధ్యక్షతన ఉపసంఘాన్ని నియమించింది. 2011 డిసెంబరులో ఈ సంస్థలకు ప్రత్యేక నియమావళి ఏర్పడింది. చావులు నమోదయ్యాకే నియమాలు రాయడం ఇకపై అంగీకారయోగ్యం కాదు.

2. సమావేశం గమనించినది: బ్యాంకు దివాలా తీస్తే డిపాజిటర్ల సొమ్మును నష్టాల భర్తీకి వాడుకోవచ్చన్న భయం రేపిన బిల్లు 2017 ఆగస్టులో లోక్‌సభకు వచ్చింది. డిపాజిటర్లు, బ్యాంకు ఉద్యోగుల సంఘాలు గట్టిగా వ్యతిరేకించాక, 2018 ఆగస్టులో ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకుంది. 1993 నుంచి లక్ష రూపాయలుగా ఉండిపోయిన డిపాజిట్ బీమా 2020 ఫిబ్రవరిలో 5 లక్షలైంది.

3. సమావేశం గమనించినది: సూక్ష్మ రుణాల వడ్డీపై గరిష్ఠ పరిమితిని రిజర్వు బ్యాంకు 2022 మార్చి 14 నాటి ఆదేశాలు తొలగించాయి. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన ఫైనాన్సు కంపెనీలకు రాష్ట్రాల వడ్డీవ్యాపార చట్టాలు వర్తించవని అదే ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాష్ట్రం అడ్డుపెట్టగల చెయ్యి బలహీనపడినందున, రుణగ్రహీత మాట ఇప్పుడు నేరుగా ముంబైలోని రిజర్వు బ్యాంకులోనే వినబడాలి.

4. సమావేశం విచారం వ్యక్తం చేసినది: అప్పు షరతుల పత్రం రుణగ్రహీతకు తెలిసిన భాషలో ఉండాలని 2022 మార్చి ఆదేశాలే చెప్పాయి. రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసే ఫిర్యాదు ఏ భాషలోనైనా ఉండవచ్చు. ఆ అప్పును శాసించే నియమాల ముసాయిదా మాత్రం తెలుగులో రాదు. సంతకం పెట్టేటప్పుడూ, నష్టపోయినప్పుడూ రుణగ్రహీత భాషకు దక్కిన గౌరవం, నియమం రాసేటప్పుడు దక్కడం లేదు.

5. సమావేశం విచారం వ్యక్తం చేసినది: ఆర్థిక రంగ చట్టాల సంస్కరణపై ఏర్పడిన జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిషన్ 2013లో సిఫారసు చేసిన ఏకీకృత ఆర్థిక ఫిర్యాదుల పరిష్కార సంస్థ నేటికీ ఏర్పడలేదు.

6. సమావేశం తీర్మానించినది: వినియోగదారులను తాకే ప్రతి ముసాయిదాను రిజర్వు బ్యాంకు తెలుగులోనూ ప్రకటించాలి. అభిప్రాయాలకు రిజర్వు బ్యాంకు 2025 మే నాటి విధానం నిర్దేశించిన కనీస గడువు 21 రోజులు. మండల సమాఖ్య కూర్చునేది నెలకొకసారి. కనుక గడువు కనీసం 60 రోజులు ఉండాలి. ఏ సూచనను ఎందుకు తోసిపుచ్చారో కారణంతో సహా వెల్లడించాలి.

7. సమావేశం తీర్మానించినది: రుణ వసూలు, వడ్డీ, డిజిటల్ రుణాలపై రిజర్వు బ్యాంకు నియమించే ప్రతి కమిటీలో రుణగ్రహీతల ప్రతినిధులకు ఓటుహక్కుతో స్థానం ఉండాలి. లోన్ యాప్‌లు ఫోన్లలోని పేర్ల జాబితాలు లాగి బంధువుల ముందు పరువు తీసిన సంగతి బాధితులు బయటపెట్టారు. ఆ తర్వాతే రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు మార్గదర్శకాలు ఆ జాబితాల జోలికి వెళ్లరాదన్నాయి. బాధితుల అనుభవం నియమానికి ముందే అందితే కలిగే మేలు ఇందులో స్పష్టం.

8. సమావేశం తనకు తాను విధించుకున్నది: రుణ సంస్థల నుంచి నిధులు, బహుమతులు తీసుకున్న ఏ సంఘమూ ఈ వేదిక తరఫున మాట్లాడరాదు. రిజర్వు బ్యాంకు తెలుగు ప్రతి ఇచ్చేవరకు ముసాయిదాల సారాంశాన్ని సభ్య సంఘాలే తెలుగులో రాసి గ్రామ సమాఖ్యలకు చేర్చాలి. వసూళ్లలో వేధింపుల వివరాలను, బాధితుల పేర్లు గోప్యంగా ఉంచి, ప్రతి మండలంలో రిజిస్టరులో నమోదు చేయాలి.

9. ఈ తీర్మానం ప్రతులను రిజర్వు బ్యాంకు గవర్నరుకు, కేంద్ర ఆర్థిక మంత్రికి, రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులకు తెలుగులోనే పంపవలసిందిగా కార్యదర్శిని ఆదేశించడమైనది.