లిఫ్ట్ వేసినా టైరు ఎందుకు తగులుతుంది?

మారుతి జిమ్నీ 2023 జూన్‌లో మన మార్కెట్‌లోకి వచ్చింది. కొన్నవాళ్లలో చాలామంది టైరు షాపులో అడిగే ప్రశ్న ఒకటే: "235 టైరు పడుతుందా?" వచ్చే జవాబూ దాదాపు ఒకటే: "రెండంగుళాల లిఫ్ట్ వేయించండి సార్, పట్టేస్తుంది." ఈ జవాబులో సగమే నిజం ఉంది. మిగతా సగం సంగతి బండి యజమానికి తర్వాత తెలుస్తుంది. డబ్బు పోసి ఎత్తు చేయించుకున్న బండి మొదటి యూ టర్న్‌లోనే ముందు చక్రం దగ్గర గరగరమంటుంది. మన దగ్గర ఈ పని తలకిందులుగా జరుగుతోందని నా అభిప్రాయం. ముందు లిఫ్ట్ వేస్తున్నారు, తర్వాత టైరు ఎక్కిస్తున్నారు, తగిలాక రంపం పట్టుకుంటున్నారు. కొలత ముందు జరగాలి. ఆ తర్వాత టైరు తేల్చుకోవాలి. లిఫ్ట్ సంగతి అన్నిటికన్నా చివర, అదీ ఆ టైరుకి ఎంత కావాలో అంతే.

కొలతంటే పెద్ద విద్యేమీ కాదు. జిమ్నీ కంపెనీ టైరు 195/80 ఆర్15. వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 15 అంగుళాలు. పైనా కిందా గోడలను రిమ్ముకి కలిపితే మొత్తం ఎత్తు 693 మిల్లీమీటర్లు. 235/75 ఆర్15 కి అదే లెక్క కడితే 733 దాటుతుంది. తేడా 40 మిల్లీమీటర్లు, అంటే టైరు ప్రతి వైపుకీ 20 మిల్లీమీటర్లు పెరిగింది. వెడల్పులో ఇంకో 40. ఇది కాగితం మీది కొలత. ఒకే సైజు రాసి ఉన్న రెండు కంపెనీల టైర్లు నిజంగా కొలిస్తే ఒకేలా ఉండవు. బురద టైరుకి భుజాల మీద దిమ్మలు పొడుచుకొచ్చి ఉంటాయి, తగిలేది ముందుగా అవే. అందుకే టైరు కొనే ముందు గోడ మీది అంకెలు చదివి ఊరుకోకుండా టేపు పెట్టి కొలవమంటాను.

లిఫ్ట్ ఏం చేస్తుంది? ఛాసిస్‌నీ బాడీనీ ఇరుసుకి దూరంగా పైకి లేపుతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు టైరు పైన ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీ చూసి మనం మురిసిపోతాం. కానీ గుంతలో పడ్డప్పుడు, రాయి ఎక్కినప్పుడు చక్రం ఎంత పైకి పోవచ్చో తేల్చేది బంప్ స్టాప్, ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య ఉండే ఆ రబ్బరు దిమ్మ. పొడవాటి స్ప్రింగు వేసి బంప్ స్టాప్‌ని పాతదే వదిలేస్తే స్ప్రింగు పూర్తిగా నొక్కుకున్నప్పుడు చక్రం పాత చోటికే చేరుతుంది. టైరు మాత్రం పాతది కాదు. ఇంటి ముందు నిలబెట్టినప్పుడు దర్జాగా ఉన్న బండి రాళ్ల దారిలో లోపలి ప్లాస్టిక్ లైనర్‌ని చింపుకోవడానికి కారణం ఇదే. లిఫ్ట్‌తోపాటు బంప్ స్టాప్‌కి కూడా తగినంత దిమ్మ కలపాలి. ఆ మాట చెప్పకుండా లిఫ్ట్ కిట్ అమ్మేవాళ్లు పని సగంలో వదిలేస్తున్నట్టే.

ఇంకో అపోహ ఉంది. లిఫ్ట్ వేస్తే బండి అడుగు భాగమంతా పైకి లేస్తుందనుకుంటారు. జిమ్నీలో ముందూ వెనకా ఇరుసులు రెండూ గట్టివే. వాటి మధ్య ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ నేలకి అతి దగ్గరగా ఉంటుంది. లిఫ్ట్ దాన్ని వెంట్రుకవాసి కూడా లేపదు. దాన్ని లేపేది టైరొక్కటే, అదీ పెరిగిన ఎత్తులో సగం. 235 వేస్తే వచ్చేది 20 మిల్లీమీటర్లు. ఖర్చు పెట్టేముందు ఈ అంకెను ఒకసారి మనసులో పెట్టుకోవాలి.

ఇక అసలు చిక్కు స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు వస్తుంది. జిమ్నీ ముందు ఇరుసు నుంచి రెండు ఆర్ములు వెనక్కి వెళ్లి ఛాసిస్‌కి బిగుసుకుంటాయి. ఫుల్ లాక్‌లో వెడల్పాటి టైరు లోపలి భుజం ఈ ఆర్ముకి రుద్దుకుంటుంది. ఆర్ము ఇరుసుకే బిగించి ఉంటుంది కాబట్టి బాడీని ఎన్ని అంగుళాలు ఎత్తినా టైరు దగ్గర ఆ సందు పెరగదు. లిఫ్ట్‌తో నయం కాని జబ్బుకి లిఫ్ట్ రాసిచ్చే షాపులున్నాయి, అదే నా బాధ.

దీనికి రెండు మార్గాలున్నాయి, రెండింటికీ ధర ఉంది. మొదటిది చక్రాన్ని బయటికి జరపడం. రిమ్ము నడిమి గీతకీ ఇరుసుకి బిగించే ముఖానికీ మధ్య దూరాన్ని ఆఫ్‌సెట్ అంటారు; కంపెనీ రిమ్ముకి అది ప్లస్ 5 మిల్లీమీటర్లు. దాని బదులు మైనస్ 15 రిమ్ము వేస్తే చక్రం 20 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది, ఆర్ము తప్పుతుంది. కానీ చక్రం తిరిగే ఇరుసు కీలుకి దూరంగా జరిగింది కాబట్టి స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు ముందుకన్నా పెద్ద వలయం చుడుతుంది. ఇప్పుడది ముందు బంపర్ కింది మూలకీ, ఆర్చ్ వెనక అంచుకీ తగులుతుంది. లోపలి తగులుడు పోయి బయటి తగులుడు మొదలైంది. పైగా బేరింగుల మీద బరువు పెరుగుతుంది. ఫెండర్ దాటి బయటికొచ్చిన టైరు రాళ్లనీ బురదనీ తలుపుల మీదికీ, వెనక వచ్చేవాళ్ల మీదికీ విసురుతుంది. రెండో మార్గం స్టీరింగ్ స్టాప్ బోల్టుకి ఒక వాషర్ మందం కలిపి చక్రం తిరిగే కోణాన్ని కాస్త తగ్గించడం. చవకైనది, నమ్మకమైనది. అయితే 5.7 మీటర్లున్న టర్నింగ్ రేడియస్ ఇంకొంచెం పెరుగుతుంది. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు దిగే ఘాట్‌లాంటి చోట, హెయిర్‌పిన్ మలుపులో ఎదురుగా లారీ వస్తుంటే ఆ కొంచెం తేడా ఏమిటో స్టీరింగ్ పట్టుకున్న చేతులకి తెలుస్తుంది. అయినా నేను మొగ్గేది దీనివైపే. ఆఫ్‌సెట్ మార్చక తప్పకపోతే అతి తక్కువ మార్చాలి.

లిఫ్ట్ తనంతట తాను తెచ్చే మార్పులు కూడా రుద్దుడుకి కారణమవుతాయి. ఇరుసు పక్కకి జరగకుండా అడ్డంగా ఒక పాన్‌హార్డ్ రాడ్ ఉంటుంది. బాడీ లేచేసరికి ఆ రాడ్ ఇరుసును ఛాసిస్ బిగింపు ఉన్న వైపుకి లాగుతుంది. ఒక పక్క చక్రం కాస్త బయటికి, రెండో పక్కది కాస్త లోపలికి. ఒక్క వైపే తగులుతోందని వచ్చే బండ్లలో ముందుగా చూడాల్సింది ఇదే. సర్దుబాటు చేసుకునే రాడ్ వేసి ఇరుసును నడిమధ్యకి తేవాలి. ఆర్ములు కిందికి వంగేసరికి ఇరుసు కొద్దిగా తిరిగి, స్టీరింగ్ కీలు వెనక్కి వాలి ఉండే క్యాస్టర్ కోణం కూడా తగ్గుతుంది. వేగంలో స్టీరింగ్ తేలిపోయినట్టుంటుంది, మలుపు తర్వాత తనంతట తాను వెనక్కి రాదు. దానికి వేరే బుష్‌లు దొరుకుతాయి. వీటిని అదనపు హంగులుగా అమ్మడం నాకు నచ్చదు. ఇవి లిఫ్ట్‌లో భాగం.

మహీంద్రా థార్‌లో కథ కాస్త వేరు. 2020 అక్టోబరు 2న వచ్చిన థార్‌కి ముందు గట్టి ఇరుసు లేదు, రెండు చక్రాలూ విడివిడిగా ఆడతాయి. దాన్ని ఎక్కువ ఎత్తితే చక్రానికి శక్తినిచ్చే షాఫ్టుల కోణం పెరిగి, కీళ్ల మీది రబ్బరు బూట్లు త్వరగా చిరుగుతాయి. దాని 255/65 ఆర్18 టైరే దాదాపు 31 అంగుళాలు. అందుకే థార్ యజమానులకి చెప్పేదీ అదే, తక్కువ ఎత్తుతో సరిపెట్టుకోండి.

బిగించాక చేయాల్సిన పరీక్ష ఒకటుంది, దాన్ని తప్పించుకునే షాపుకి బండి ఇవ్వకండి. ఛాసిస్‌ని స్టాండ్ల మీద నిలిపి, ముందు స్ప్రింగులు తీసేసి, జాకీతో ఒక చక్రాన్ని బంప్ స్టాప్ తగిలేదాకా లేపాలి. అక్కడ స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పాలి. తర్వాత రెండో చక్రం, ఆ తర్వాత రెండూ కలిపి. బంపర్, లైనర్, ఆర్ము, బ్రేక్ హోసు, చక్రం దగ్గరి ఏబీఎస్ వైరు, అన్నిటి దగ్గరా వేలు పట్టేంత సందు ఉందో లేదో చూడాలి. చక్రాన్ని పూర్తిగా కిందికి వదిలి హోసు బిగదీసుకుపోతోందేమో కూడా చూడాలి. టైరు ప్లాస్టిక్‌కి రుద్దుకుంటే శబ్దం వస్తుంది, విని ఆపుతాం. హోసుకి రుద్దుకుంటే వినపడదు. ఇంత పని కుదరనప్పుడు కనీసం ఎదురెదురు మూలల చక్రాలను, ముందు ఎడమ, వెనక కుడి, దిమ్మల మీదికి ఎక్కించి, టైరు భుజాలకి సుద్ద రాసి చూడండి. సుద్ద ఎక్కడ అంటితే అక్కడ తగులుతున్నట్టు.

కోత కూడా ఒక పద్ధతే, దాన్ని తప్పుపట్టను. 235 కోసం బంపర్ కింది మూలలో కాస్త ప్లాస్టిక్ తీయడం, లైనర్‌ని వేడిగాలితో వెనక్కి ఒత్తడం మామూలే. కానీ లైనర్ వెనక వైరింగ్ ఉందో లేదో చూడకుండా బ్లేడు పెట్టేవాళ్లని ఆపండి. కోసిన చోట లోహపు పట్టీ అంచు బయటపడితే దాన్ని నునుపు చేయండి. పదునైన అంచు టైరు గోడని కోస్తుంది.

పెద్ద టైరు కంపెనీలే ఇచ్చినప్పుడు ఏం చేశాయో చూడండి. ఫోర్డ్ 2021లో అమెరికాలో బ్రాంకోని తిరిగి తెచ్చినప్పుడు సాస్క్వాచ్ ప్యాకేజీలో 35 అంగుళాల టైర్లు ఇచ్చింది. వాటితోపాటు ఎత్తైన ఫెండర్ అంచులు, వేరే రిమ్ములు, వేరే షాక్ అబ్జార్బర్లు, ఇరుసులో పళ్ల నిష్పత్తి, అన్నీ మార్చింది. ఆ నిష్పత్తి ఊరికే మార్చలేదు. జిమ్నీలో 235 వేస్తే ప్రతి గేరూ దాదాపు 6 శాతం పొడవవుతుంది. స్పీడోమీటరు 100 చూపించే చోట బండి మునుపటికంటే 6 కిలోమీటర్లు ఎక్కువ వేగంలో ఉంటుంది. 134 న్యూటన్ మీటర్ల టార్కున్న పెట్రోలు ఇంజిన్‌కి ఎక్కుడులో ఆ తేడా తెలుస్తుంది. బ్రేకులకీ తెలుస్తుంది.

చట్టం సంగతి కూడా దాచకూడదు. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బీమా కంపెనీకి చెప్పని మార్పు క్లెయిమ్ రోజున గొడవ అవుతుంది. ఇవన్నీ చూశాక ఎక్కువ మందికి నా సలహా 215/75 ఆర్15. ఎత్తు పది మిల్లీమీటర్లే పెరుగుతుంది, సాధారణంగా లిఫ్ట్ లేకుండానే ఇముడుతుంది. మట్టి దారి మొదలయ్యే చోట గాలి తగ్గించి, తారు రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకుంటే తూర్పు కనుమల్లోని చాలా దారులకి అది చాలు.

అయినా 235 వేయిస్తే, స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి. అది వెనక తలుపుకి వేలాడుతుంది కాబట్టి కీలు మీది బరువు, బంపర్‌కీ దానికీ మధ్య సందు చూసుకోండి. బండితో వచ్చిన జాకీ పెరిగిన ఎత్తుకి అందకపోవచ్చు. అడవి దారికి వెళ్లేముందు ఇంటి దగ్గరే ఒకసారి ఒక చక్రం విప్పి స్టెప్నీ ఎక్కించి చూడండి.