పనసచెక్క గిటారు

క్రిందటి నెల ఈ శీర్షిక యెందుకు రాలేదని యిద్దరు ముగ్గురు పాఠకులు అడిగారట. సంపాదకులవారి దోషమేమీ లేదు. ఆ నెలంతా మా యిల్లు వడ్రంగిశాల అయిపోయింది. వ్రాసుకునే బల్ల మీద చిత్రిక పొట్టు, కళ్ళజోడు పెట్టుకునే చోట ఉలి, మంచం కింద పలకలు. విషయమేమంటే, మా పెద్దవాడు బేస్ గిటారు చేస్తున్నాడు. కొనడం కాదు, చేయడమే.

అదేమిటని అడిగే పెద్దల కోసం రెండు ముక్కలు. మామూలు గిటారుకు ఆరు తీగెలు. దీనికి నాలుగే, కాని లావుపాటివి. స్వరం ఒక స్థాయి కిందికి వుంటుంది. సినిమా పాటలో గొంతునూ వేణువునూ అందరమూ వింటాము. వాటి అడుగున ఒకటి దుమ్ దుమ్మని నడుస్తూ వుంటుంది, దాన్నెవరూ పట్టించుకోరు. దాన్ని తీసేస్తే మాత్రం పాట పునాది లేని గోడలాగా నిలబడుతుంది. పూర్వం ఆ పని మనిషెత్తు వుండే డబుల్ బేస్ అనే వాద్యం చేసేది. దాన్ని మోయడం కష్టం, డోళ్ళ మోతలో వినిపించడం మరీ కష్టం. అమెరికాలో సియాటిల్ నగరంలో పాల్ టట్‌మార్క్ అనే ఆయన 1930 దశకంలోనే దాన్ని గిటారులాగా అడ్డంగా పట్టుకునేట్టు, మెట్లు వేసి, విద్యుత్తుతో పలికించాడు. జనం అంతగా పట్టించుకోలేదు. 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ తెచ్చినది నిలిచింది. ఆయన రేడియోలు బాగుచేసుకునే మనిషి, గిటారు వాయించడం రాదు. మెట్లున్నాయి గనుక స్వరం ఖచ్చితంగా పలుకుతుందని దానికి "ప్రెసిషన్" అని పేరు పెట్టాడు. దాని తీగె పలికే పొడవు 34 అంగుళాలు. నేటికీ చాలామంది అదే కొలత పాటిస్తారు.

కార్ఖానాలో చేసినవి దుకాణంలో దొరుకుతుండగా చేత్తో చేయడమెందుకని మేమూ అడిగాము. "నాన్నా, చెప్పులు కూడా దొరుకుతాయి, కాలు కరిస్తే ఏం చేస్తాము?" అన్నాడు. ఒకరి వేళ్ళు పొట్టి, ఒకరి భుజం బరువు మోయలేదు, ఒకరి చెవికి ఒక నాదం కావాలి. అందుకని తీగెల మధ్య యెడం, మెడ లావు, చెక్క జాతి మనిషిని బట్టి మార్చుకుంటారట. ఇది మనకు కొత్త కాదు. మన పాలకొల్లు బిడ్డ ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) చేసిన పని యేమిటి? మాండలిన్‌కు రెండేసి చొప్పున నాలుగు జతల తీగెలుంటాయి. ఆయన విద్యుత్ మాండలిన్ తీసుకుని, ఒంటి తీగెలు ఐదు వేయించుకుని, దాని మీద కర్ణాటక సంగీతం పలికించాడు.

ఇంతవరకూ బాగానే వున్నది. అసలు చిక్కు చెక్క దగ్గర వచ్చింది.

మా అమ్మది బొబ్బిలి. మాది రాయగడ. 1936లో ఒరిస్సా వేరు రాష్ట్రమైనా రైలు మారలేదు గనుక సంబంధాలూ మారలేదు. పార్వతీపురం, సీతానగరం దాటితే బొబ్బిలి. కాపురానికి వచ్చినప్పుడు ఆమె రైలులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నది ఒక వీణ. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో చేసినది. కుండ, దండి, తల, అన్నీ ఒకే పనస మొద్దులో తొలిచి తీస్తారు. ఏకాండి వీణ అంటారు. బొబ్బిలి వీణకు 2011లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పదేళ్ళ క్రిందట యింటికి సున్నాలు వేయించినప్పుడు ఆ వీణను వంటింటి అటక మీద పెట్టించాము. సున్నాలయ్యాక దింపడం మరిచాము. రెండు వేసవులు గడిచాక దింపితే, కుండ నిలువునా పగిలి వున్నది. కింద పొయ్యి వేడి, పైన రేకుల వేడి. అమ్మ దాన్ని తుడిచి, గుడ్డ కప్పి, మూలన పెట్టుకున్నది. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండునని మాకు చాలాసార్లు అనిపించింది.

ఇప్పుడు వీడు వచ్చి, "నాన్నా, మామ్మ వీణ యెలాగూ పలకదు గదా. ఆ పనసచెక్క నాకిస్తే గిటారుకు వాడుకుంటాను," అన్నాడు. మాకెక్కడ లేని కోపమూ వచ్చింది. కూటికొచ్చే పనా, గుడ్డకొచ్చే పనా అని అరిచాము. ఆ కోపం వాడి మీద కాదని యిప్పుడు తెలుస్తున్నది. వాడు రెండు రోజులు మాతో మాటాడలేదు. అమ్మ మాత్రం, "చెక్కే గదరా, అడుగుతున్నాడు, ఇచ్చేయి," అన్నది. మా ఆవిడ యెటూ చెప్పలేదు, కాని ఆ రెండు రోజులూ కూరలో ఉప్పు తక్కువైంది.

తగవు తీర్చింది మా వీధి చివర ఒడియా వడ్రంగి తాత. (ఒడియాలోనూ పనసను పణస అనే అంటారు, ఈ ఒక్క మాటకు మాకు దుబాసీ అక్కరలేదు.) ఆయన గుడ్డ తీసి, కుండ అంచు వేలితో కొలిచి నవ్వాడు. గిటారు ఒళ్ళు పావు తక్కువ రెండంగుళాల గట్టి పలక కావాలి. వీణ అంటే తొలిచిన చెక్క. అందులో యెక్కడా అంత మందం లేదు. దండి కూడా లోపల బోలే. "దీన్ని కోస్తే మీకు మిగిలేది పొయ్యిలోకి పుల్లలే," అన్నాడు. మూడు రోజుల రభస మూరెడు బద్దతో పోయింది.

అప్పుడు తండ్రీ కొడుకులం కలిసి ఒక ఆదివారం గొల్లపల్లి వెళ్ళాము. పగిలిన వీణనూ తీసుకువెళ్ళాము. ఆ పనివారు దాన్ని తట్టి చూచి, అతికితే రూపు నిలుస్తుంది, నాదం మాత్రం మునుపటంత రాదు, దానికి డబ్బు తీసుకోబుద్ధి కాదన్నారు. అక్కడ మేము గంటసేపు నిలబడి చూచినది మెట్లు వేయడం. తేనెమైనంలో గుగ్గిలం, నల్లపొడి కలిపి దండి మీద రెండు గట్లు పోస్తారు. వాటి మీద కంచు మెట్లు 24 కూర్చుతారు. 24 మెట్లను స్థిరపరచినది తంజావూరి రఘునాథ నాయకుడని చెప్పుకుంటారు. ఆయన తెలుగు కవి గూడాను. మెట్టు యెక్కడ వుండాలో బద్దతో కొలవరు. తీగె మీటుతారు, వింటారు, మైనం వెచ్చజేసి మెట్టును వెంట్రుకవాసి జరుపుతారు, మళ్ళీ వింటారు. లెక్కంతా చెవిలోనే.

మొద్దు కోసినప్పుడు పక్కన మిగిలిన పలక ఒకటి, యేళ్ళ తరబడి నీడన ఆరినది, వెలకిచ్చారు. కొత్త పనస పసుప్పచ్చగా వుంటుంది, ఆరేకొద్దీ తేనెరంగుకు, తరువాత గోధుమరంగుకు తిరుగుతుంది. ఇది తేనెరంగు దాటింది. "తొందర పడకు బాబూ, చెక్క ఆరనిదే చెయ్యి పెట్టకూడదు," అని వాడికి చెప్పారు. వాడు తల వూపాడు. విన్నది సగమే.

గిటారుకు చెవితో మెట్లు వేయలేము. సన్నని లోహపు తీగెను రంపపు కోతలో సుత్తితో దిగగొడతారు. ఒకసారి దిగితే జరగదు. కాబట్టి ముందే లెక్క కట్టాలి. ఇక్కడ మా గుమాస్తా విద్య పనికి వచ్చింది. మిగిలిన పొడవును ప్రతిసారీ 17.817తో భాగించాలి. 34 అంగుళాలకు మొదటి మెట్టు 1.908 దగ్గర. మిగిలినదాన్ని మళ్ళీ భాగిస్తే, రెండోది మొదటినుంచి 3.709 దగ్గర. ఇలా పోగా పన్నెండోది సరిగ్గా సగం, 17 అంగుళాల దగ్గర పడాలి. పడితే లెక్క ఒప్పు. పూర్వం ఐరోపాలో 17.817 బదులు 18తో సరిపెట్టుకునేవారు; గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ 1581లో వ్రాసిన పుస్తకంలో చెప్పినది అదే. దానితో వేస్తే పన్నెండోది అంగుళంలో ఎనిమిదో వంతు తక్కువ పడుతుంది. మావాడు మెట్టు నుంచి మెట్టుకు కొలుస్తూ పోయాడు. మేము ఆపాము. పేజీ పేజీకీ పైసలు వదిలేస్తూ పోతే సంవత్సరాంతంలో యెంత తేడా వస్తుందో యిరవై యేళ్ళుగా చూస్తున్నాము. అన్నీ మొదటినుంచే కొలవాలి. వాడు యింతకాలానికి మా ఉద్యోగాన్ని గౌరవంగా చూచాడు.

లెక్క ఒప్పింది గాని కర్ర ఒప్పలేదు. మెడకు రంపపు మిల్లులో టేకు తెచ్చాడు, ఆరినదన్నారు, నమ్మాడు. లోపల ఉక్కు కడ్డీ అక్కరలేదు, టేకు గట్టిదే అనుకున్నాడు. నాలుగు లావు తీగెలూ కలిసి లాగే బరువు సుమారు 70, 80 కిలోలు. అంటే ఒక నిండు మనిషి రాత్రింబగళ్ళు వేలాడుతున్నట్టు. తీగెలు బిగించిన మూడో రోజున మెడ విల్లులాగా వంగింది. పన్నెండో మెట్టు దగ్గర తీగెకూ పలకకూ మధ్య చిటికెన వేలు దూరింది. వాడు దాన్ని చేతిలో పట్టుకుని అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు. ఏమైనా అందామని వెళ్ళి, వంటింటి అటక గుర్తుకు వచ్చి, ఏమీ అనక తిరిగి వచ్చాము.

రెండో మెడ వడ్రంగి తాత కొట్లోనే, ఆయన పాత ద్వారబంధం టేకుతో. రెండు టేకు బద్దల మధ్య ఇరుగుడు బద్ద పెట్టి అతికారు. ఒకటి వంగబోతే రెండోది పట్టుకుంటుంది. నడుమ గాడి తీసి ఉక్కు కడ్డీ దించారు. చివర మరను బిగిస్తే తీగెల లాగుడుకు ఎదురు లాగుతుంది, వానాకాలం ఒక తిప్పు, ఎండాకాలం ఒక తిప్పు. అతుకులకు తాత తన పాత వజ్రం బంకే కావాలన్నాడు, వీడు సీసాబంక అన్నాడు. సీసాబంకే గెలిచింది.

మెట్లు వేయబోయే ముందు మా అమ్మ ఒక ప్రశ్న వేసింది. "మెట్లు చెక్కలోకి దిగగొడితే గమకం యెలా వస్తుందిరా?" వీణ మీద మెట్టు దండికి యెత్తుగా వుంటుంది, సన్నతీగెను పక్కకు లాగితే రెండు మూడు స్వరాలు పలుకుతాయి. ఈ లావు తీగెను అంత లాగలేము. వాడు ఆలోచించి, మెట్లు లేకుండానే చేస్తానన్నాడు. అమెరికాలో జాకో పాస్టోరియస్ (1951–1987) అనే విద్వాంసుడు మెట్లు లేని తన గిటారుకు పడవలకు పూసే ఎపాక్సీ పూసుకుని వాయించాడట. మన గోటువాద్యానికీ మెట్లు లేవు గదా. మేము కట్టిన లెక్క వృథా కాలేదు. ఆ కోతల్లోనే తెల్లచెక్క బద్దలు నింపి నున్నగా ఉప్పుకాగితం పట్టాడు. వేలికి తగలవు, కంటికి దారి చూపుతాయి.

ఇక విద్యుత్తు పని. తీగెల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుక లాంటి రాగితీగె వేలాది చుట్లు. ఉక్కు తీగె కదిలితే ఆ చుట్టల్లో విద్యుత్తు పుడుతుంది. ఇది కొన్నదే. మొదటిసారి తగిలించగానే యిల్లంతా ఒకటే గుయ్యిమన్నది. మన కరెంటు సెకనుకు 50 సార్లు మారుతుంది. ఈ గిటారు అడుగు తీగె మీద మూడో మెట్టు చోట పలికే స్వరం 49. అందుకని ఆ మోత స్వరమా, దోషమా తెలియక గంటన్నర కొట్టుకున్నాడు. చివరికి ఎర్త్ తీగె తగిలించలేదని తేలింది. గుంట లోపల రాగిరేకు అంటించి, గుర్రానికి తీగె కలిపాక మోత అణిగింది.

మొత్తం తూకం నాలుగు కిలోలు దాటింది. ఖర్చు మా ఆవిడ ఈ పత్రిక చదువుతుంది గనుక వ్రాయడం లేదు.

పూర్తయిన సాయంత్రం వాడు అమ్మ మంచం పక్కన కూర్చుని అడుగు తీగె మీటాడు. అమ్మకు డెబ్బై ఆరు. నాలుగేళ్ళుగా చెవి మందగించింది. వయసు మీద పడ్డవారికి ముందుగా పోయేది పై స్వరాలట. పిల్లల మాట, గిన్నెల చప్పుడు అందవు. వీణ బాగున్న రోజుల్లో ఆమె శ్రుతి మూడు. ఈ అడుగు తీగె కూడా అదే మూడు, కాని ఆమె సారణికి రెండు స్థాయిలు కింద, సెకనుకు 41 కంపనలు. అది చెవికన్నా ముందు పక్కటెముకలకు తగులుతుంది. అమ్మ చెయ్యి చాచి ఆ పనసచెక్క మీద పెట్టింది. "ఇది వినిపిస్తున్నదిరా," అన్నది. వాడు మళ్ళీ మీటాడు. కాసేపయ్యాక వేలు కొంచెం జరిపి పంచమం పలికించబోయాడు.

"తక్కువ. పైకి జరుపు," అన్నది అమ్మ.

వాడు జరిపాడు.

"ఇంకా."

మేము అక్కడినుంచి లేచి వచ్చి యిది వ్రాస్తున్నాము. లోపల యింకా పంచమం దగ్గరే వున్నారు. పగిలిన వీణను గొల్లపల్లికే అతికించడానికి పంపాము, నాదం రాకపోయినా సరే. వీడికి ఇంకొకటి చేయమని బరంపురం నుంచి ఒక కుర్రవాడు అడిగాడు, చెక్క లేదు. పాఠకుల్లో యెవరి యింటనైనా పడగొట్టిన పాత పనస దూలమో, రెండంగుళాల మందం తగ్గని తలుపు చెక్కో వుంటే, పొయ్యిలో పెట్టక సంఘ కార్యాలయానికి ఒక ఉత్తరం వ్రాయండి. రైలు ఖర్చులు మావి.