పెద్దల పగటి వేళ



మా గుండుగొలను వైపు పెద్దవాళ్లు తెల్లవారుజామున నాలుగింటికే లేస్తారు. ప్రార్థన, వాకిలి ఊడ్పు, గేదెకు మేత, టీ, అన్నీ ఎనిమిదికల్లా అయిపోతాయి. కొడుకూ కోడలూ పనికి, పిల్లలు బడికి వెళ్లాక సాయంత్రం దాకా ఆ పగలు గడవదు. మంచమో, టీవీయో, అరుగు మీద కూర్చుని హైవే లారీలు చూడడమో.

ఒకప్పుడు కోతలయ్యాక ముసలమ్మలు చేలో పరిగె ఏరుకునేవారు. రూతు బోయజు పొలంలో చేసిన పని అదే. పిట్టలు తోలడం, కళ్లం కాపలా, ముసలి చేతికి తగిన పని ఏదో ఒకటి ఉండేది. కొల్లేటి వైపు వరిచేలు చాలామట్టుకు చేపల చెరువులయ్యాయి. మిగిలిన చేలల్లో కోత మిషను దిగుతోంది. ముసలివాళ్లు ఊరికే కూర్చుంటున్నారని విసుక్కునే కుర్రవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

2024 జూలై నుండి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. ఒకటో తారీఖున ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. మందులకు ఒకరి ముందు చెయ్యి చాపనక్కరలేదు, దేవునికి స్తోత్రం. ఎండలో వరుసలు మళ్లీ రావాలని ఎవరూ కోరరు గాని, ఆ వరుసలోనే నలుగురు ఈడువాళ్లు కలుసుకునేవారు.

కువైట్ వెళ్లిన కూతుళ్ల బిడ్డలను పెంచే అమ్మమ్మల సంగతి వేరు. వారికి పగలు చాలదు. తిమోతి అవ్వ లోయి పేరు చెప్పి వారిని మెచ్చుకుంటే సరిపోదు, వారంలో ఒక పూట ఆ పిల్లలను మన ఇంట ఉంచుకోవాలి.

హైదరాబాదు రమ్మంటే కదలని తండ్రిని మొండివాడనకండి. ఎనభై ఏండ్ల బర్జిల్లయి, దావీదు రాజు యెరూషలేముకు పిలిచినా తన ఊళ్లోనే ఉంటానన్నాడు. రాజు బలవంతపెట్టలేదు, ముద్దుపెట్టుకుని దీవించి పంపాడు.

ప్రవక్త్రియైన అన్న వృద్ధాప్యంలో దేవాలయం విడువక ఉండేది. మన గుడికి ఆదివారం ఆరాధన కాగానే తాళం పడుతుంది. రోజూ పది నుండి పన్నెండు దాకా తలుపు తీసి, ఫ్యాను వేసి, మంచినీళ్ల కుండ పెడితే చాలు. సెలవు రోజుల్లో యౌవనస్థుడొకడు వచ్చి చదువురానివారికి సెల్‌ఫోనులో బైబిలు వినిపించవచ్చు, మందుల చీటీ చదివి చెప్పవచ్చు. ఈ ఆదివారమే సంఘ పెద్దలతో మాట్లాడండి. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో ముందే తేల్చుకోండి, సగం పనులు అక్కడే ఆగిపోతాయి.