పదవ నంబరు ఎవరికి?

కార్తికమాసము ప్రవేశించినదనగా తడ ప్రాంతపు జనుల చూపు తూర్పు వైపునకు మరలును. అచ్చట మొదట పులికాటు సరస్సు, దాని కావల శ్రీహరికోట దీవి, ఆ దీవి కావల బంగాళాఖాతము. 2022 వరకు నెల్లూరు జిల్లాకు దక్షిణపు కొనగా నుండి, పిమ్మట తిరుపతి జిల్లాలో చేరిన ఈ మండలమున ఇరకము, వేనాడు వంటి దీవులు, భీమునివారిపాలెము వంటి జాలరి పల్లెలు కలవు. గాలివాన యన్నది వీరికి పుస్తకమున చదివిన మాట కాదు. 1984 నవంబరులో నొక పెనుతుపాను శ్రీహరికోట సమీపముననే తీరము దాటినది. 1989 నవంబరులో థాయిలాండు సింధుశాఖ నుండి బయలుదేరిన 'గే' తుపాను బంగాళాఖాతమంతయు దాటి వచ్చి, ఇదే సీమలోని కావలి వద్ద నేలపై బడినది.

అట్టి జనులకు నేడు దూరదర్శిని తెర చెప్పుచున్నదేమి? తెర నిండ ఎఱ్ఱని సుడి గిఱ్ఱున తిరుగుచుండును. వెనుక యుద్ధభేరి వంటి వాద్యము. 'దూసుకొచ్చుచున్నది', 'విరుచుకుపడనున్నది', 'వణకుచున్న కోస్తా' అను మాటలు క్షణక్షణము మెఱయుచుండును. మోకాలిలోతు నీట నిలిచి, గొడుగు తిరుగబడగా, ఒక యువకుడు గాలి గట్టిగా వీచుచున్నదని గొంతెత్తి అరచును. గాలి వీచుచున్నదని తెలియుటకు తెర యక్కరలేదు, కిటికీ చాలును. తడవాసులకు తెలియవలసినవి వేఱు. ఈ రాత్రి సరస్సు పొంగునా? ఇరకమునకు పడవలు నడచునా? రేపు బడి యుండునా? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకకుండగనే గంటలు గడచిపోవును.

అన్నింటికంటె వింతయైనది నంబరుల ముచ్చట. 'కృష్ణపట్నములో ఏడవ నంబరు ప్రమాద హెచ్చరిక' యని తెరపై కనబడగానే, పదింటికి ఏడు మార్కులు వచ్చినట్లు జనులు లెక్క గట్టుదురు. ఎనిమిదవది వచ్చిన తుపాను బలపడినదనియు, తొమ్మిదవది వచ్చిన మఱింత బలపడినదనియు చదువరులే చెప్పుచుందురు. ఇది శుద్ధ పొరపాటు. ఈ సంకేతములు రేవులలోని ఓడల కొఱకు ఏర్పడినవి. మొదటి రెండును దూర సంకేతములు. తుపాను నడిసముద్రమున నున్నదని ఓడవారికి తెలుపునవి. మూడు, నాలుగు రేవునకు సంబంధించిన స్థానిక సూచనలు. అయిదు, ఆరు, ఏడు ప్రమాద సంకేతములు; ఎనిమిది, తొమ్మిది, పది మహాప్రమాద సంకేతములు. అయిదునకు, ఆరునకు భేదము తీవ్రతలో లేదు, దిక్కులో నున్నది. తుపాను నడచు దారికి రేవు ఎడమవైపున నుండు నెడల అయిదు. కుడివైపున నుండు నెడల ఆరు. రేవుమీదుగనో దానికి మిక్కిలి చేరువగనో పోవు నెడల ఏడు. ఎనిమిది, తొమ్మిది, పదింటికిని ఇదే క్రమము. ఇక పదకొండవది పదింటికి మించిన ప్రళయము కానేకాదు. హెచ్చరిక కేంద్రముతో సంబంధము తెగిపోయినదని దాని యర్థము. అది వార్త రాలేదను వార్త.

ఈ కుడియెడమల భేదము ఓడలకే గాక ఒడ్డున నున్నవారికిని ప్రాణమువంటిది. భూమధ్యరేఖకు ఉత్తరమున తుపాను గాలి గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగును. పడమరగా నడచి మన తీరమును దాటు తుపానునకు కుడిప్రక్క, అనగా ఉత్తరపు వైపున, గాలి సముద్రము నుండి నేలకు వీచి ఉప్పెనను ముందుకు త్రోయును. ఎడమప్రక్క నేల నుండి సముద్రమునకు వీచును. తుపాను చెన్నై వద్ద తీరము దాటిన తడ కుడిప్రక్కన బడును. కావలి వద్ద దాటిన ఎడమప్రక్కన బడును. ఒకే తుపాను, ఒకే బలము; దారి నూఱు కిలోమీటర్లు ఇటునటు జరిగిన తడ గతియే మాఱిపోవును. ఈ ముక్క చెప్పుటకు అరనిమిషము పట్టును. పటముపై ఒక బాణపు గుర్తు చాలును. అయినను ఆ అరనిమిషము తుపాను పేరు ఎవరు పెట్టిరి, ఆ పేరునకు అర్థమేమి యను ముచ్చటకు ఖర్చగును. ఉత్తర హిందూ మహాసముద్రపు తుపానులకు పేర్లు పెట్టు పద్ధతి 2004లో మొదలైనది. ఇరువదినాలుగు గంటల తెలుగు వార్తా ప్రసారములును ఇంచుమించు అప్పుడే పుట్టినవి. రెంటికిని స్నేహము కుదిరినది. హుద్‌హుద్ అనునది ఒక పిట్ట పేరని ఒమాన్ దేశము పెట్టిన సంగతి పిల్లలకు సైతము నోటికి వచ్చును.

పేరు లేనిదానికి గౌరవము లేకపోవుట దీనికి మఱియొక ముఖము. గాలి గంటకు 62 కిలోమీటర్ల వేగము నందుకొన్నప్పుడే దానిని తుపాను అందురు, పేరు పెట్టుదురు. అంతకు తక్కువైనది వాయుగుండము. 2021 నవంబరు 19న చెన్నై ప్రాంతమున తీరము దాటినది వాయుగుండమే. దానికి పేరు లేదు. ఆ ప్రొద్దుననే కడప జిల్లాలో చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లను ముంచినది. పెన్నకు వఱద వచ్చి నెల్లూరు సమీపమున పడుగుపాడు వద్ద రైలుకట్ట కొట్టుకొనిపోయినది. గాలిని బట్టి పేరు పెట్టుదురు గాని, వాన ఆ కొలతకు లోబడదు.

'తీరము దాటినది' అను మాటయు ఇట్టిదే. ఆ మాట వినబడగానే గండము గడచినదని జనులు ఊపిరి పీల్చుకొందురు. తెరవారు మఱియొక వార్తకు మరలుదురు. దాటినది తుపాను కేంద్రము మాత్రమే, దాని మేఘములు కావు. దాటక ముందును అంతే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల వద్ద నేల తాకినది. అంతకు ముందటి దినమున, కేంద్రమింకను సముద్రమున నుండగనే, చెన్నై నీట మునిగినది. బాపట్లకును చెన్నైకిని నడుమ నున్న సూళ్లూరుపేట, తడ ప్రాంతముల వారికి 'తీరము దాటు చోటు' అను చుక్క ఏమి ఉపకరించును?

న్యాయముగా చెప్పవలసిన మాట యొకటి కలదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో దాదాపు పదివేలమంది ప్రాణములు గోల్పోయిరి. 2014లో విశాఖపట్టణమును హుద్‌హుద్ ఛిన్నాభిన్నము చేసినను ఆంధ్రదేశమున మృతుల సంఖ్య పదులలోనే నిలిచినది. ఉపగ్రహములు, రాడారులు, జనులను ముందుగా తరలించిన ఉద్యోగులు దీనికి కారకులు. వార్తను ఇంటింటికి చేర్చిన తెరకును ఇందు భాగము కలదు. ఆ భాగము కలదు గనుకనే తెరను నిలదీయవలసి యున్నది.

వాతావరణము నెఱిగినవాడు తెరపైకి వచ్చి నింపాదిగా మాటలాడిన జనులు వినరను వాదము నిలువదు. తడకు కూతవేటు దూరముననే సాక్ష్యమున్నది. చెన్నై వాతావరణ కేంద్రమున పనిచేసి 2016లో పదవీ విరమణ చేసిన ఎస్.ఆర్.రమణన్ అరపు లేక, అలంకారము లేక, వాన ఎంత, ఎక్కడ, ఎప్పుడు అనునదే చెప్పెడివారు. బడి సెలవు కొఱకు ఎదురుచూచు పిల్లలు మొదలు వృద్ధుల వఱకు ఆయన మాటకు చెవి యొగ్గిరి. అమెరికాలో 1992 ఆగస్టున ఆండ్రూ తుపాను మయామీ ప్రాంతముపై బడిన రాత్రి, బ్రయన్ నార్‌క్రాస్ అను వాతావరణవేత్త ఇరువదిమూడు గంటలు ఎడతెగక ప్రసారము సాగించెను. ఇంటిలో ఏ గదిలో దాగవలెను, పరుపును ఎట్లు అడ్డము పెట్టుకొనవలెను అను మాటలే ఆయన వార్తలు. విద్యుత్తు పోయి తెరలు ఆరిపోవునని ముందే యూహించి, తన గొంతు రేడియోలలోను వినబడునట్లు చేసిరి.

ఈ చివరి సంగతి మనవారు ఆలోచింపదగినది. గాలి ముదిరినప్పుడు తీగలు తెగి ప్రమాదము కలుగకుండ కరెంటు ఆపివేయుదురు. తుపాను తడ మీదికి వచ్చు వేళకు తడలో తెర వెలుగదు. ఆ వాద్యము, ఆ సుడి, నీటిలో నిలిచిన యువకుడు, ఇవన్నియు హైదరాబాదులో పొడి నేలపై కూర్చున్నవారి కంటికే యందును. చీకటిలో నున్న పల్లెకు మిగులునది అంతకుముందు విన్న మాట మాత్రమే. కావున కరెంటు పోక ముందటి ఆరు గంటలలో ఏమి చెప్పితిమన్నదే తెరవారు లెక్క చూచుకొనవలసినది.

అంతదాక ఉపాధ్యాయులు ఊరకుండ నక్కరలేదు. తుపాను సమయమున వాతావరణశాఖ మూడు గంటల కొకసారి వెలువరించు ప్రకటనలో కేంద్రము ఏ అక్షాంశమున, ఏ రేఖాంశమున నున్నదో అంకెలతో నుండును. తెరవారు సాధారణముగ విడిచిపెట్టునది ఆ రెండంకెలనే. తడ 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు, 80 డిగ్రీల తూర్పు రేఖాంశమునకు సమీపమున నున్నది. నల్లబల్లపై తీరరేఖ గీసి, తడ వద్ద ఒక చుక్క పెట్టి, ప్రొద్దున ఒకటి, మధ్యాహ్నము ఒకటి, సాయంత్రము ఒకటి సుద్దముక్కతో తుపాను స్థానము గుర్తించిన, ఏడవ తరగతి బాలుడు తమ ఊరు దారికి కుడివైపున నున్నదో ఎడమవైపున నున్నదో తానే చెప్పగలడు. ఆ సాయంత్రము ఇల్లు చేరి, పడవను గట్టుపై ఎంత దూరము లాగి కట్టవలెనో తండ్రితో మాటలాడగలడు.