యూరో వదిలితే గ్రీసు బాగుపడేదా?

అప్పులపాలైన ఉమ్మడి కుటుంబంలో ఎవరో ఒకరు వేరు కుంపటి మాట ఎత్తుతారు. 2010 నుంచి 2015 దాకా గ్రీసులో వినిపించింది అదే. యూరో మనకొద్దు, పాత డ్రాక్మాయే మేలు అన్నవాళ్లు తక్కువేం లేరు.

వాళ్ల కోపంలో న్యాయం లేదని మేం అనం. 2001లో 340.75 డ్రాక్మాలకు ఒక యూరో లెక్కన గ్రీసు చేరింది. చేరిన కొత్తలో ఇంచుమించు జర్మనీకి పుట్టే వడ్డీకే అప్పు పుట్టింది. ఇక చెయ్యి ఆగుతుందా? 2009 చివర్లో కొత్త ప్రభుత్వం అసలు లెక్కలు బయటపెట్టాక అంతా తలకిందులైంది. 2010 మేలో 11,000 కోట్ల యూరోల అప్పు ఇస్తామంటూ షరతులు పెట్టారు. జీతాలు, పింఛన్లు తెగ్గోశారు. 2013 నాటికి పని కావాలన్న ప్రతి నలుగురిలో ఒకరికి పైగా ఖాళీగా ఉన్నారు.

1991లో మన దేశం కూడా బంగారం కుదువపెట్టుకున్న స్థితికి వచ్చింది. అప్పుడు ప్రధాని మన పి.వి. నరసింహారావే. జులైలో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. గ్రీసుకు ఆ దారి లేదు. యూరో పగ్గాలు ఫ్రాంక్‌ఫర్ట్‌లోని కేంద్ర బ్యాంకు చేతిలో ఉన్నాయి. డబ్బు విలువ తగ్గించలేనివాళ్లు మనుషుల జీతాలు తగ్గించారు.

అయినా వదిలెయ్యమని మాత్రం మేం చెప్పం. అప్పంతా యూరోల్లో ఉంది. డ్రాక్మా విలువ సగానికి పడితే అప్పు రెట్టింపవుతుంది. మందులు, పెట్రోలు బయటి నుంచి రావాలి. 2015 జూన్ చివర్లో, ఇంకా యూరోలో ఉండగానే, బ్యాంకులు మూతబడి రోజుకు 60 యూరోలే చేతికిచ్చారు. జులై 5న 61 శాతం మంది షరతులకు ‘వద్దు’ అని ఓటేశారు. వద్దనమని చెప్పిన ప్రభుత్వమే పదిరోజులు తిరక్కుండా కొత్త షరతులకు తలూపింది. జనం వద్దన్నది షరతులనే గానీ యూరోని కాదు.

చేరకపోవడం వేరు, చేరి బయటికి రావడం వేరు. స్వీడన్ ప్రజలు 2003లోనే ఓటేసి చేరబోమన్నారు, క్రోనాతోనే ఉన్నారు. బల్గేరియా 2026 జనవరి 1న చేరింది. దాని లెవ్ ఎప్పట్నుంచో యూరోకే కట్టేసి ఉంది కాబట్టి కొత్తగా పోగొట్టుకునేది తక్కువే. దిర్హమ్‌ను డాలర్‌కు కట్టేసిన చోట బతుకుతున్న మన పాఠకులకు ఈ సంగతి విడమర్చనక్కర్లేదు. గల్ఫ్ దేశాలూ ఒకే కరెన్సీ అనుకున్నవే. ఒమన్ ముందే తప్పుకుంది, 2009లో యూఏఈ కూడా పక్కకు జరిగింది.

అసలు లోపం మరోచోట ఉంది. మన దగ్గరా రూపాయి ఒక్కటే. కానీ బీద రాష్ట్రానికి కేంద్రం పన్నుల్లో ఎక్కువ వాటా వస్తుంది, పాలమూరు కూలీ ముంబయి పోయి బతుకుతాడు. యూరోప్‌లో కరెన్సీ కలిసింది, ఖజానా కలవలేదు. గ్రీసు 2018 ఆగస్టులో సహాయ షరతుల నుంచి బయటపడింది. అప్పు మాత్రం 2024 చివరికి కూడా దేశ ఏడాది ఉత్పత్తికి ఒకటిన్నర రెట్లుంది.