సిలిండర్ ఇంటికి చేరింది.. జాగ్రత్త చేరలేదు

నల్గొండ, మహబూబ్‌నగర్: ఒకప్పుడు పట్టణాల్లోని కొద్ది ఇళ్లకే పరిమితమైన వంట గ్యాస్ నేడు ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని మారుమూల తండాలకూ విస్తరించింది. 1999లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం చేపట్టిన దీపం పథకం డ్వాక్రా మహిళలకు, 2016లో కేంద్రం ప్రారంభించిన ఉజ్వల పథకం నిరుపేద మహిళలకు కనెక్షన్లు సమకూర్చాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన మహాలక్ష్మి పథకం అర్హులైన కుటుంబాలకు రాయితీ పోను 500 రూపాయలకే సిలిండర్ అందించేందుకు ఉద్దేశించినది. పొగ బాధ తగ్గడం హర్షణీయమే. అయితే సిలిండర్ ధరపై జరిగినంత చర్చ దాని భద్రతపై జరగకపోవడమే విచారకరం.

పాత అలవాటే ముప్పు

కట్టెల పొయ్యిలో నిప్పు కంటికి కనిపిస్తుంది. గ్యాస్ కనిపించదు. ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమమైన ఈ వాయువు గాలికన్నా బరువైనది కావడంతో లీకైనప్పుడు పైకి పోక నేలబారున పరుచుకుంటుంది. గాలిలో సుమారు రెండు శాతం చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. వాసన లేని ఈ వాయువుకు ఘాటైన వాసన కలిపేది లీకును పసిగట్టేందుకే.

నేలపై కూర్చుని వండే అలవాటున్న ఒంటిగది ఇళ్లలో సిలిండర్ పక్కనే స్టవ్, అదే గదిలో కట్టెల పొయ్యి, దేవుని దీపం ఉండటం ప్రమాదకరం. స్టవ్ ఎప్పుడూ సిలిండర్ కన్నా ఎత్తులో ఉండాలి. ఇటుకలు పేర్చి శాబాదు రాయి పరిచినా తక్కువ ఖర్చుతో గట్టు సిద్ధమవుతుంది. సిలిండర్‌ను పడుకోబెట్టి వాడరాదు.

తాళం వేసిన ఇళ్లు

దేవరకొండ, నారాయణపేట ప్రాంతాల నుంచి కూలీలు నెలల తరబడి వలస పోవడం కొత్తేమీ కాదు. తాళం వేసే ముందు రెగ్యులేటర్ తీసి, సిలిండర్‌కు మూత బిగించాలి. తిరిగి వచ్చాక ఎలుకలు రబ్బరు గొట్టాన్ని కొరికాయేమో చూడకుండా పొయ్యి వెలిగించరాదు. పని స్థలాల్లో పెద్ద సిలిండర్ నుంచి చిన్నదానిలోకి గ్యాస్ నింపించుకోవడం చట్టవిరుద్ధమే కాక ప్రాణాంతకం కూడా. చిరునామా రుజువు లేకున్నా, గుర్తింపు కార్డు చూపితే చమురు సంస్థలు 5 కిలోల సిలిండర్ విక్రయిస్తున్నాయి.

వాసన వస్తే..

గ్యాస్ వాసన వచ్చిన వెంటనే రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరవాలి. లైటు, ఫ్యాను స్విచ్‌లను వేయడమే కాదు, ఆపడం కూడా ప్రమాదమే. అగ్గిపుల్లతో లీకు వెతకరాదు. సబ్బు నురగ పూస్తే బుడగలే చోటు చూపుతాయి. 1906 నంబరుకు ఫోన్ చేస్తే రోజంతా సహాయం లభిస్తుంది.

ఐఎస్ఐ గుర్తు గల సురక్షా గొట్టాన్ని ఐదేళ్లకోసారి మార్చాలి. సిలిండర్ పైభాగాన నిలువు పట్టీపై ఉండే అక్షరం, అంకెలు తదుపరి పరీక్ష గడువును తెలుపుతాయి. ఎ అంటే జనవరి-మార్చి, బి ఏప్రిల్-జూన్, సి జులై-సెప్టెంబర్, డి అక్టోబర్-డిసెంబర్. గడువు దాటినదాన్ని తిప్పి పంపే హక్కు వినియోగదారునిదే.

తెలియని బీమా

నమోదైన వినియోగదారుల ఇంట గ్యాస్ ప్రమాదం జరిగితే చమురు సంస్థల బీమా వర్తిస్తుంది. మృతి చెందినవారికి ఒక్కొక్కరికి 6 లక్షల రూపాయల వరకు, గాయపడినవారి చికిత్సకు 2 లక్షల వరకు పరిహారం ఉంటుంది. ఇందుకు వినియోగదారులు విడిగా ప్రీమియం చెల్లించనక్కరలేదు. ప్రమాదాన్ని వెంటనే ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలపాలి. ఈ సంగతి తెలియని కుటుంబాలు అప్పుల పాలయ్యే అవకాశం ఉంది.

సిలిండర్ దించి వెళ్లడంతోనే ఏజెన్సీల బాధ్యత తీరదు. తూకం, లీకు చూపించి అప్పగించడం, ఐదేళ్లకోసారి తనిఖీ చేయడం వారి విధి. మహిళా సంఘాల సమావేశాల్లో పొదుపు లెక్కలతో పాటు నెలకొకసారి ఈ జాగ్రత్తలనూ చర్చిస్తే, పొగ నుంచి విముక్తి పొందిన వంటగదులు మంటల భయం నుంచీ బయటపడతాయి.